మాటగా పట్టుకున్న ఆలోచన మళ్లీ దొరకాలంటే

"రికార్డింగ్ 43", "రికార్డింగ్ 44" అంటూ ఫోన్లో పేరుకుపోయిన ఫైళ్లను మళ్లీ తెరిచేవాళ్లు తక్కువ. చెప్పిన రోజు అందులో ఏముందో గుర్తుంటుంది. వారం తిరిగేసరికి ఉండదు. తెలుసుకోవాలంటే మొత్తం వినాలి, అంత ఓపిక ఉండదు. కాగితం మీద రాసుకున్నది ఒక్క చూపులో కళ్లకు కనపడుతుంది, గొంతు అలా కనపడదు. వాయిస్ నోట్లతో వచ్చే చిక్కంతా ఇదే. ఏ యాప్ వాడాలన్నది ఆ తర్వాతి సంగతి. మూడు రోజుల తర్వాత వినబోయే మనిషి కోసం మాట్లాడటం, విన్నదాన్ని అక్షరాల్లోకి దించడం అలవాటైతే ఏడెనిమిది వేల రూపాయల ఫోనైనా సరిపోతుంది.

మొదటి పది సెకన్లు

రికార్డ్ బటన్ నొక్కగానే ఆలోచన చెప్పడం మొదలుపెట్టకండి. ముందు మూడు ముక్కలు చెప్పండి: ఇది ఏ రకం, దేని గురించి, ఎప్పుడు లేదా ఎక్కడ. "కథ. ఫిషింగ్ హార్బర్ వేలం. శనివారం పొద్దున్న." ఆ తర్వాతే అసలు విషయం. ఈ మూడు ముక్కలే రేపు ఫైలు పేరవుతాయి. మొత్తం వినకుండా మొదటి అయిదు సెకన్లు విని ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకోవచ్చు.

రకాలు అయిదుకు మించనివ్వకండి. కథ, పని, కొనాలి, అడగాలి, లెక్క అన్నవి చాలామందికి చాలు. పాటలు కట్టేవాళ్లు "రాగం" అనో, పాఠాలు చెప్పేవాళ్లు "తరగతి" అనో ఒకటి మార్చుకోవచ్చు. పది పదిహేను పెట్టుకుంటే రికార్డ్ చేసే ముందు ఏ మాట వాడాలా అని ఆలోచిస్తూ నిలబడతారు. ఈలోగా ఆలోచన జారిపోతుంది.

చివర్లో "చెయ్యాల్సింది" అని ఒక్క వాక్యం చేర్చండి. విశాఖ ఎంవీపీ కాలనీలో టిఫిన్ బండి నడిపే మనిషి నోట్ ఇలా ఉంటే బావుంటుంది: "పని. కొబ్బరి చట్నీ. మంగళవారం. పదకొండు దాటేసరికి పులుపు తిరుగుతోంది. పొద్దున్నే మొత్తం రుబ్బేయడం వల్ల కావచ్చు. చెయ్యాల్సింది: రేపు సగం ఆరింటికి, సగం తొమ్మిదింటికి రుబ్బి చూడాలి." అంతా కలిపి ఇరవై అయిదు సెకన్లు. చివరి వాక్యం లేకపోతే అది చట్నీ గురించి ఒక ఫిర్యాదుగానే మిగిలిపోతుంది.

ఒక రికార్డింగులో ఒకే ఆలోచన, గరిష్ఠంగా రెండు నిమిషాలు. మధ్యలో ఇంకోటి తడితే ఆపి కొత్తది మొదలుపెట్టండి. మూడు ఆలోచనలున్న ఫైలును ఏ ఫోల్డర్లో వేసినా మిగతా రెండూ మాయమైనట్టే. మాట తడబడితే చెరిపి మళ్లీ మొదలుపెట్టకండి. "కాదు, మళ్లీ" అని చెప్పి కొనసాగించండి.

అంకెలూ పేర్లూ రెండుసార్లు చెప్పాలి, రెండోసారి విడదీసి. రోడ్డు మోతలో "అరవై", "ఇరవై" ఒకేలా వినపడతాయి. "అరవై, ఆరు సున్నా" అంటే అనుమానం ఉండదు. కొత్త మనిషి పేరైతే అక్షరం అక్షరం పలకండి.

కథలు రాసేవాళ్లకు ఇంకో మాట. మీరు చెప్పడం అయ్యాక పది సెకన్లు నోరు మూసుకుని ఆ చోటును రికార్డ్ కానివ్వండి. హార్బర్లో వేలం కేకలు, మంచు పగలగొట్టే చప్పుడు, మర పడవ ఇంజిను మోత తర్వాత ఎంత గుర్తు తెచ్చుకున్నా రావు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవలతో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ అక్కడ వినపడేది వేరు. రెండు కాలాల ధ్వనీ పట్టుకుంటే కథకు చాలా పనికొస్తుంది.

ఒక్క నొక్కుతో మొదలవ్వాలి

జేబులోంచి ఫోను తీసి రికార్డింగ్ మొదలయ్యేసరికి అయిదు సెకన్లు దాటితే ఆ పద్ధతి నిలవదు. ఐఫోన్లో వాయిస్ మెమోస్ గుర్తును కంట్రోల్ సెంటర్లో పెట్టుకోండి. 15 ప్రో, ఆ తర్వాత వచ్చిన మోడళ్లయితే పక్కనుండే యాక్షన్ బటన్‌కే దాన్ని కేటాయించవచ్చు. సామ్‌సంగ్‌లో సైడ్ బటన్ రెండుసార్లు నొక్కితే రికార్డర్ తెరుచుకునేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో రికార్డర్ గుర్తును హోం స్క్రీన్ అడుగు వరసలో, బొటనవేలికి అందే చోట ఉంచితే చాలు.

చాలామంది వాట్సాప్‌లో తమకు తామే వాయిస్ పంపుకుంటారు. మంచి పద్ధతే. మైకును పైకి జరిపితే లాక్ అవుతుంది, వేలు నొక్కిపట్టక్కర్లేదు. కానీ ఆ వాయిస్‌లకు పేరు పెట్టలేం, వెతికితే దొరకవు. దానికి ఉపాయం ఉంది: పంపిన వాయిస్‌ను పక్కకు జరిపి, దానికి రిప్లైగా మూడు మాటలు టైపు చేయండి, "కథ హార్బర్ వేలం" అని. తర్వాత ఆ మాటలతో వెతికితే రిప్లై దొరుకుతుంది, దాన్ని నొక్కితే వాయిస్ దగ్గరికి తీసుకెళ్తుంది.

గాలి, ఫ్యాను, బస్సు

విశాఖలో రికార్డింగులు పాడు చేసేది మొట్టమొదట గాలే. సాయంత్రం ఆర్కే బీచ్‌లోనో తెన్నేటి పార్కులోనో నడుస్తూ చెప్పుకున్నవి ఇంటికెళ్లి వింటే "బుర్ర్" మని ఒకటే మోత. ఆ గాలి మీ చెవికి హాయిగానే ఉంటుంది. కానీ మైకు రంధ్రం మీదుగా సుడి తిరిగినప్పుడు పుట్టే ఒత్తిడిని ఫోను పెద్ద శబ్దంగా తీసుకుంటుంది. అది మాటను మించి పోతే ధ్వని చిట్లిపోతుంది. అలా చిట్లినదాన్ని ఏ యాప్‌తోనూ బాగుచేయలేం.

ప్రధాన మైకు చాలా ఫోన్లలో కింద, చార్జింగ్ రంధ్రం పక్కన ఉంటుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, ఫోను ఛాతీకి దగ్గరగా పట్టుకుని, రెండో అరచేతిని దొప్పలా చేసి మైకు చుట్టూ పెట్టండి. రంధ్రాన్ని మూసేయకూడదు, గాలికి అడ్డం పెట్టాలంతే. దూరం బెత్తెడు చాలు. నిశ్శబ్దమైన గదిలోనైతే జానెడు. నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పట్టుకుంటే "ప, ఫ, బ, భ" పలికినప్పుడు వచ్చే ఊపిరి మైకును తన్నదు. ఇవన్నీ కుదరకపోతే గోడ చాటుకు వెళ్లండి. అద్దాలు ఎక్కించి, ఆపి ఉంచిన కారుకు మించిన రికార్డింగ్ గది ఊళ్లో సులువుగా దొరకదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో రికార్డ్ చేయడం తేలికగా అనిపిస్తుంది. కానీ వాటి మైకు వాడినప్పుడు చాలాసార్లు ధ్వని ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది, "స", "ష" తేడా పోతుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ల మైకు అంతకంటే నయం, చొక్కాకు రాసుకోకుండా చూసుకుంటే.

ఇంట్లో సీలింగ్ ఫ్యాను. మే నెల ఉక్కలో దాన్ని ఆపమని ఎవరికీ చెప్పలేం. ఫ్యాను సరిగ్గా నెత్తిమీద లేని చోట కూర్చోండి. ఫోన్‌ను బల్లమీద పెడితే బల్ల అదురంతా మైకుకు చేరుతుంది, నాలుగు మడతల తువ్వాలు వేసి పెట్టండి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలి వైపు బస్సులో వెళ్తూ చెప్పుకునేవాళ్లు ఇంజినుకూ వెనక చక్రాలకూ దూరంగా మధ్య సీట్లలో కూర్చుని కిటికీ మూయాలి. స్కూటరు మీదైతే పక్కకు ఆపాకే.

ఉన్నట్టుండి ధ్వని గొంతు నొక్కినట్టు వస్తుంటే మైకు రంధ్రం చూడండి. బీచ్ ఇసుకో, జేబులోని నూగో, వానచెమ్మో అయ్యుంటుంది. పొడి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. పిన్ను మాత్రం పెట్టకండి, లోపలి పొర చిరుగుతుంది. కవరు రంధ్రం మైకుకు సరిగ్గా కుదరకపోయినా ఇలాగే వినపడుతుంది, ఒకసారి కవరు తీసి చూడండి.

నావికాదళం, పోర్టు నిషేధిత ప్రాంతాల దగ్గర ఫోను జేబులోనే ఉండాలి. ఇంకొకరి మాటలు రికార్డ్ చేసేటప్పుడు ముందు అడగండి, వాళ్లు సరేనన్న మాట కూడా రికార్డ్ అవ్వనివ్వండి.

అక్షరాల్లోకి దించడం

గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగులో మాట్లాడితే టైపవుతుంది. సెట్టింగ్స్‌లో భాషల కింద తెలుగు చేర్చి, గోళం గుర్తు నొక్కి తెలుగు కీబోర్డుకు మారాకే మైకు నొక్కాలి. ఇంగ్లిష్ కీబోర్డులో ఉండగా నొక్కితే మీ తెలుగును ఇంగ్లిష్ మాటలుగా ఊహించి ఏదో రాస్తుంది. "తెలుగు రావట్లేదు" అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

అయితే ఇది ఎదురుగా మాట్లాడితే రాస్తుంది, పాత ఫైలును తీసుకుని రాయదు. ఒక ఫోన్లో ఫైలు పెట్టి ఇంకో ఫోను మైకు దగ్గర ఉంచితే మధ్యలో ఆగిపోతూ, తప్పులతో వస్తుంది. దీనికంటే మంచి దారి, ఇయర్‌ఫోన్లలో మీ రికార్డింగ్ విని, దాని సారాన్ని మీరే మళ్లీ నెమ్మదిగా, స్పష్టంగా జీబోర్డ్‌కు చెప్పడం. రెండు నిమిషాల నోట్ మూడు నాలుగు వాక్యాలవుతుంది. నీళ్లు నమిలిన చోట్లు రాలిపోతాయి, "అసలు నేను చెప్పదలచుకున్నది ఇదా" అన్నది అక్కడే తేలుతుంది. చుక్కలూ కామాలూ చాలాసార్లు మీరే పెట్టుకోవాలి.

ఉత్తరాంధ్ర యాసతో జాగ్రత్త. "ఏటంతన్నావు", "ఒగ్గేసినారు" లాంటివి చెబితే యంత్రం తనకు తెలిసిన పుస్తక భాషలోకి మార్చేయడమో, ఇంకేదో మాట పెట్టడమో చేస్తుంది. సంభాషణను యాసలోనే ఉంచుకోవాలనుకునేవాళ్లు ఆ ముక్కను చేత్తో టైపు చేయాలి, ధ్వని ఫైలు దాచుకోవాలి. పలుకుబడికి అదొక్కటే సాక్ష్యం.

పేర్లు, ఆదివారం, కాపీ

ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, ముందు సంవత్సరం: "20241214 కథ హార్బర్ వేలం". ఇలా పెడితే ఏ ఫోన్లోనైనా వరస తప్పదు. 14-12 అని రోజుతో మొదలుపెడితే అన్ని నెలల పద్నాలుగో తేదీలూ ఒకచోట చేరతాయి. ఒకే మాటను ఒకే రకంగా రాయండి. ఒకసారి విశాఖ, ఇంకోసారి వైజాగ్ అంటే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి.

వారానికి ఒకసారి, ఆదివారం అనుకుందాం, ఇరవై నిమిషాలు. ఒకటిన్నర రెట్ల వేగంతో వినండి. ప్రతి ఫైలుకూ మూడింట్లో ఒకటే గతి: సారం రాసుకుని తీసెయ్యడం, ధ్వని కోసమే పేరు పెట్టి ఉంచడం, పనికిరాదని తీసెయ్యడం. "తర్వాత చూద్దాం" అనే నాలుగో దారి ఇవ్వకండి. బకాయి ఎక్కువుంటే కొత్తవాటి నుంచి వెనక్కి రండి, వాటి సందర్భం ఇంకా గుర్తుంటుంది.

జాగా గురించి బెంగ వద్దు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) నాణ్యతతో నిమిషానికి సుమారు ఒక ఎంబీ, గంటకు 58 ఎంబీ. ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ ఫార్మాట్ అక్కర్లేదు, మాటలకు అది దండగ. గంటల తరబడి ఒకే ఫైలుగా మాత్రం రికార్డ్ చేయకండి. చాలా ఫోన్ రికార్డర్లు వాడే ఎమ్4ఎ రకం ఫైలు తెరుచుకోవడానికి కావలసిన సూచిక సాధారణంగా ఆపినప్పుడే రాయబడుతుంది. మధ్యలో బ్యాటరీ అయిపోతే మొత్తం తెరుచుకోకపోవచ్చు. స్క్రీన్ ఆరగానే రికార్డింగ్ ఆగిపోతుంటే ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇవ్వండి. కాల్ వచ్చి ఆగితే అదే మళ్లీ మొదలవుతుందని నమ్మకండి, కాల్ అవ్వగానే చూసుకోండి.

ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లోకి వెళ్తున్నాయి కదా, రికార్డింగులూ వెళ్తున్నాయిలే అనుకుంటారు. వెళ్లవు, అందులో ధ్వని ఫైళ్లకు చోటు లేదు. ఆదివారం ఉంచాలనుకున్నవాటిని ఎంచి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లోకి మీరే పంపాలి. ఉచితంగా వచ్చే 15 జీబీలో ఇవి తినేది కొంచెమే. ఐఫోన్లో ఐక్లౌడ్ ద్వారా అన్ని పరికరాల్లోకీ చేరతాయి. కానీ ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతాయి కాబట్టి, పొరపాటున తీసేసినదాన్ని "ఇటీవల తొలగించినవి" ఫోల్డర్లో 30 రోజుల్లోపు వెతికి వెనక్కి తెచ్చుకోండి.