గేరుబాక్సు బలపరచడం - 3వ పాఠం: దూరం జరిగే షాఫ్టులు

గత పాఠంలో బోర్గ్-వార్నర్ టీ5 గేరుబాక్సును విప్పి, భాగాలన్నీ కడిగి బల్ల మీద వరసగా పేర్చుకున్నాం. ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కార్లలో వచ్చిన ఈ ఐదు గేర్ల పెట్టెలో ముందుగా పోయేది తరచుగా మూడో గేరే. అది ఎందుకు పోతుందో తెలుసుకుని, దాన్ని ఆపడానికి మొదట చేయవలసిన పని ఈరోజు నేర్చుకుందాం.

గేరుబాక్సును విరిచేది హార్స్‌పవర్ కాదు, టార్కు, అంటే తిప్పే బలం. 1985-89 మస్టాంగ్ టీ5కు తయారీదారు ఇచ్చిన పరిమితి 265 పౌండు-అడుగులు. 1990 నుంచి అది 300కు, అంటే సుమారు 407 న్యూటన్-మీటర్లకు పెరిగింది. అయితే 1987 నాటికే ఆ కారు ఇంజను 300 పౌండు-అడుగుల టార్కు ఇస్తోంది. కాబట్టి టర్బో బిగించకముందే పెట్టె తన హద్దు మీద నిలబడి ఉందని గుర్తుంచుకోవాలి.

మొదటి గేరు నిష్పత్తి 3.35, అంటే అది టార్కును 3.35 రెట్లు చేస్తుంది కనుక చక్రాలకు చేరే బలం చాలా ఎక్కువ. మామూలు టైరు అంత బలానికి పట్టు తప్పి జారిపోతుంది, అలా జారడమే గేరు పళ్లను కాపాడుతుంది. ఒక విధంగా టైరే ఫ్యూజు. మూడో గేరులో చక్రాలకు చేరే బలం తగ్గడం వల్ల టైరు జారదు, ఇంజను టార్కు పూర్తిగా పళ్ల మీదే పడుతుంది. మెత్తని రేసు టైర్లు వేస్తే మొదటి గేరుకూ ఆ రక్షణ పోతుంది.

ఇప్పుడు విరిగిన పన్ను ఒకటి వెలుతురులో పట్టుకుని చూడండి. విరిగిన ముఖంలో ఒక భాగం నున్నగా, సన్నని వంపు గీతలతో ఉండి, మిగిలినది గరుకుగా పంచదార పలుకుల్లా కనిపిస్తే, పగులు ముందే పుట్టి మెల్లగా పాకిందని అర్థం. ముఖమంతా గరుకుగా ఉంటే ఒక్క దెబ్బకు విరిగినట్టే; అప్పుడు క్లచ్చును, గేరు మార్చే తీరును అనుమానించాలి.

మెల్లగా పాకే పగులుకు ప్రధాన కారణం గేర్లను మోసే షాఫ్టులు (ఇరుసులు) ఒకదానికొకటి దూరం జరగడం. పీడన కోణం (పళ్లు ఒకదాన్నొకటి నెట్టే కోణం) 20 డిగ్రీలుండే సూటి పళ్లలో కూడా తిప్పే బలంలో సుమారు 36 శాతం, రెండు షాఫ్టులను ఒకదాని నుంచి ఒకటి దూరంగా నెడుతుంది. టీ5లో వాటి మధ్య దూరం 77 మిల్లీమీటర్లే, పెట్టె అల్యూమినియంది. పెట్టె సాగి, షాఫ్టు వంగినప్పుడు పళ్లు మొదళ్ల వైపు కాక కొసల దగ్గర కలుస్తాయి. కొస మీద పడ్డ బరువు పన్ను మొదలును వంచుతుంది. పన్ను విరగగానే ఖరీదైన కొత్త పళ్ల సెట్టు కొనేవారిని చాలామందిని చూశాను. షాఫ్టు ఆట (వదులు) తీయకుండా ఆ సెట్టు వేయడం, నా లెక్కలో, డబ్బు దండగ.

అందుచేత ముందు కౌంటర్ షాఫ్టు, అంటే ప్రధాన షాఫ్టుకు సమాంతరంగా ఉండే జోడీ షాఫ్టు దగ్గరికి రండి. వెనక బేరింగును ఆపే రేకు పలక ఒత్తిడికి వంగుతుంది. దాని స్థానంలో మందపాటి ఉక్కు పలక బిగించండి. తరువాత షాఫ్టును చేత్తో పదిసార్లైనా తిప్పి బేరింగు రోలర్లను కుదుట పడనిచ్చి, కొసకు డయల్ గేజి (సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే కొలమానం) ఆనించి, షాఫ్టును ముందుకూ వెనక్కూ కదిపి ఆట కొలవండి. ఆట ఎక్కువైతే మందమైన షిమ్ము (సందు సరిచేసే పలుచని లోహపు రేకు), తక్కువైతే పలుచని షిమ్ము వేసి సర్వీసు మాన్యువల్ చెప్పిన కొలతకు తీసుకురండి. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడే వదులుగా ఉన్న షాఫ్టు దారిలో ఇంకా వదులవుతుంది.

నూనె విషయం క్లుప్తంగా చెబుతాను: వరల్డ్ క్లాస్ అనే మెరుగైన రకం టీ5కు ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె పోయాలి, చిక్కని గేరు నూనె పోస్తే గేర్లు సాఫీగా పడవు.

వచ్చే పాఠంలో పళ్ల మీద నీలం రంగు పూసి అవి ఎక్కడ ఆనుతున్నాయో చూస్తాం. అప్పటికి పాత షిమ్ము మందం, కొత్త షిమ్ము మందం, రెండింటితో వచ్చిన ఆట కొలత కాగితం మీద రాసి సిద్ధంగా ఉంచుకోండి.