ఆటిక్ వాసాల నుంచి బంక కారుతోందా? కారణం, పరిష్కారం

టెక్సస్, జార్జియా, కరోలినాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకు జూన్, జూలైల్లో ఒక్కోసారి ఇది ఎదురవుతుంది. ఆటిక్‌లో, అంటే పైకప్పు కింద అటకలాంటి చోట, వాసాలకు తేనె రంగు చుక్కలు వేలాడుతుంటాయి. కింద పెట్టిన సూట్‌కేసుల మీద, బొమ్మల కొలువు డబ్బాల మీద జిగురు మరకలుంటాయి. రూఫ్ లీకవుతోందని టెన్షన్ పడి కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసే ముందు అది ఏమిటో మీరే ఒకసారి చూసుకోండి. పిలిచాక ఏదో ఒక రిపేరు చెప్పకుండా వెళ్ళేవాళ్ళు తక్కువ.

అది నిజంగా బంకేనా?

నీళ్ళ లీకైతే వాన పడ్డాక బయటపడుతుంది. చెక్క మీద వలయాలుగా మరక కడుతుంది, మేకులు తుప్పు పడతాయి. బంకకు వానతో పని లేదు. ఎండ మండిపోయే మధ్యాహ్నాల్లో కారుతుంది, రాత్రికి చిక్కబడుతుంది, చలికాలంలో గాజులా గట్టిపడి గీకితే పొడిగా రాలుతుంది. టర్పెంటైన్ వాసన వస్తుంది. చాలాసార్లు చెక్కలోని ముడి దగ్గరో, పిచ్ పాకెట్ అనే సన్నటి చీలిక దగ్గరో మొదలవుతుంది.

నల్లగా కారుతుంటే కథ వేరు. చెక్కల సందుల్లోంచి వస్తే అది షింగిల్స్ (కప్పు మీది పలకలు) కింద పరిచిన తారు కాగితం కరగడం కావచ్చు. చిమ్నీ పక్కన, పొగ వాసనతో ఉంటే మాత్రం క్రియోసోట్ (కట్టెల పొగ నుంచి చిమ్నీలో పేరుకునే జిడ్డు) అని అనుమానించాలి. అది నిప్పంటుకునే సరుకు. చిమ్నీ క్లీన్ చేసేవాళ్ళు వచ్చి చూసేదాకా ఫైర్‌ప్లేస్ వెలిగించొద్దు. తియ్యటి వాసన, తేనెటీగల రొద ఉంటే అది తేనే!

కొత్త ఇంట్లో కారుతుంటే

మన పెంకుటిళ్ళలో టేకు, తాటి వాసాలు చూసి పెరిగినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. అమెరికా ఇళ్ళకు ఎక్కువగా వాడే సదరన్ పైన్, డగ్లస్ ఫర్ చెక్కల్లో సన్నటి రెసిన్ (బంక) గొట్టాలుంటాయి. చెట్టులోని నీరు చెక్క ఆరేటప్పుడే పోతుంది, రెసిన్ ఉండిపోతుంది. దాన్ని గట్టిపరచాలంటే కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గదిలో) చెక్కను దాదాపు 160 డిగ్రీల ఫారన్‌హీట్ (71 సెల్సియస్) వేడిలో తగినంతసేపు ఉంచి, అందులోని టర్పెంటైన్‌ను ఆవిరి చేయాలి. అంత వేడి తగలని చెక్క, ఎండాకాలం ఆటిక్ 130-150 డిగ్రీలకు చేరగానే కారడం మొదలుపెడుతుంది.

చెక్క మీద ముద్ర చూడండి. ఎస్-జీఆర్ఎన్ అని ఉంటే పచ్చి చెక్క. కేడీ అంటే కిల్న్‌లో ఆరబెట్టారని మాత్రమే, రెసిన్ గట్టిపడిందని హామీ కాదు. హెచ్‌టీ కూడా అంతే. లోపలి భాగం 56 సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉందని దాని అర్థం, పురుగులు చావడానికి అది చాలు.

ఇలాంటి ఇంట్లో చేయాల్సింది ఎక్కువేం లేదు. వాసం బలం తగ్గదు. కొన్ని వేసవులు గడిచేకొద్దీ కారడం తగ్గుతుంది. ఈలోగా చుక్కలు పడేచోట అట్టముక్కలు పరవండి. ఇన్సులేషన్ మీద పెద్ద ప్లాస్టిక్ షీటు మాత్రం కప్పొద్దు, దాని కింద చెమ్మ చేరుతుంది.

పాత ఇల్లు, ఉన్నట్టుండి మొదలైతే

ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. ఏళ్ళ తరబడి పొడిగా ఉన్న వాసం ఇప్పుడు కారుతోందంటే ఆటిక్ మునుపటికన్నా వేడెక్కుతోందేమో చూడాలి. ఈ మధ్య ఇన్సులేషన్ కొట్టించారా? అది చూరు కింద ఉండే సాఫిట్ వెంట్లను మూసేసి ఉండొచ్చు. ముదురు రంగు షింగిల్స్ వేయించినా వేడి పెరుగుతుంది.

పగటిపూట ఆటిక్ లైటు ఆర్పి చూరు వైపు చూడండి. వెలుతురు కనిపించకపోతే వెంట్లు మూసుకున్నాయేమో దగ్గరికెళ్ళి చూడాలి. ఇన్సులేషన్ వెనక్కి లాగి, వాసాల మధ్య బాఫిల్స్ (గాలి దారి మూసుకుపోకుండా ఆపే పలకలు) బిగించాలి. మామూలు లెక్క ప్రకారం ఆటిక్ నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి ఉండాలి. 1,500 చదరపు అడుగులకు 10 చదరపు అడుగులు. కింద సాఫిట్, పైన కప్పు కొనలో రిడ్జ్ వెంట్ సమంగా ఉంటే అందులో సగం సరిపోవచ్చు. వాసాల అడుగున మెరిసే ఫాయిల్ కొడితే ఆటిక్ చల్లబడొచ్చు గానీ, వాసాలు ఫాయిల్‌కు పైన, వేడి వైపే ఉంటాయి. బంకకు అది మందు కాదు.

శుభ్రం చేయడం

చలికాలం దాకా ఆగండి. గట్టిపడ్డ బంక పుట్టీ కత్తితో టక్కున ఊడుతుంది. మిగిలిన జిడ్డును మినరల్ స్పిరిట్స్‌తో తుడవొచ్చు. అయితే ఆటిక్‌లో గ్యాస్ ఫర్నేసో, వాటర్ హీటరో ఉంటే ఆ సీసా పైకి తీసుకెళ్ళనే వద్దు, ఆవిరికి నిప్పంటుకుంటుంది. గీకడంతో సరిపెట్టుకోండి. చేతులకు అంటితే ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి.

షెల్లాక్ ప్రైమర్ పూస్తే మరక దాగుతుంది, కారడం ఆగదు. వేడెక్కిన బంక పూతను పొంగించి బయటికొస్తుంది. పిచ్ పాకెట్‌ను తవ్వి తీసేద్దామనే ఆలోచన మానుకోండి. ముఖ్యంగా ట్రస్‌లను (కప్పును మోసే చెక్క చట్రాలను) కోయడం, తొలచడం ఇంజినీర్ చెబితే తప్ప చేయకూడదు. బంక సీలింగ్ దాకా దిగినా, సీలింగ్‌లోకి దిగేసిన రీసెస్డ్ లైట్ల మీద పడుతున్నా అప్పుడు మనిషిని పిలవండి. ఇల్లు కొత్తదైతే ముందు బిల్డర్ వారంటీ కాగితాలు తీసి గడువు చూసుకోండి.