గ్రూప్‌లో నమ్మకం, మూడో పాఠం: ఇద్దరితో మొదలుపెట్టండి

గత పాఠంలో వర్క్‌షాప్ నడిపేవాళ్లు గది సిద్ధం చేసుకోవడం చూశాం. కుర్చీలు గుండ్రంగా వేయడం, తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లను పలకరించడం మీలో కొందరైనా ఈపాటికి చేసి చూసే ఉంటారు. ఇప్పుడు అందరూ వచ్చి కూర్చున్నారు. పన్నెండు మంది అనుకుందాం. చాలామంది ఒకరికొకరు కొత్త. ఈ పాఠం ఆ తర్వాతి ఇరవై నిమిషాల గురించి.

ముందుగా ఒక సంగతి. బెరుకు పోవడం వేరు, నమ్మకం కుదరడం వేరు. చప్పట్ల ఆటో, నవ్వించే ఆటో పెడితే బెరుకు ఐదు నిమిషాల్లో పోతుంది. కానీ మధ్యాహ్నం "ఈ పద్ధతి మన దగ్గర ఎందుకు కుదరడం లేదు, చెప్పండి" అని అడిగి చూడండి. పొద్దున పగలబడి నవ్వినవాళ్లే నేలచూపులు చూస్తారు. నోరు విప్పాలంటే, తాను చెప్పిన మాట అవతలివాళ్ల దగ్గర భద్రంగా ఉంటుందని మనిషికి ఒక్కసారైనా అనుభవంలోకి రావాలి. మనం చేయించే ఐస్ బ్రేకర్, అంటే కొత్తవాళ్ల మధ్య బెరుకు పోగొట్టడానికి మొదట్లో పెట్టే చిన్న ఆట లేదా పని, ఆ అనుభవం కలిగించాలి. మిగతాదంతా కాలక్షేపమే అని నా అభిప్రాయం.

వరస పరిచయాలతో వచ్చే చిక్కు

చాలా వర్క్‌షాప్‌లు "ఒక్కొక్కరూ లేచి పేరు, చేసే పని చెప్పండి" అంటూ మొదలవుతాయి. మీరు ఆ వరసలో ఏడో మనిషి అనుకోండి. ఆరో మనిషి మాట్లాడుతున్నప్పుడు మీరు వింటున్నారా? మీరు చెప్పబోయే రెండు ముక్కలూ మనసులో వల్లె వేసుకుంటూ ఉంటారు. మాల్కమ్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు 1973లో దీన్ని ప్రయోగంలో చూపించాడు. కొందరిని కూర్చోబెట్టి వంతులవారీగా పదాలు పైకి చదివించి, తర్వాత ఎవరికి ఏవి గుర్తున్నాయో అడిగాడు. తమ వంతుకు సరిగ్గా ముందు వేరేవాళ్లు చదివిన పదాలు బాగా తక్కువగా గుర్తున్నాయి. అంటే వరస పరిచయంలో పక్క కుర్చీలో మనిషి పేరే మన చెవిన పడదు. పావుగంట పాటు పన్నెండు మంది మాట్లాడతారు గానీ, ఆ టెన్షన్‌లో నిజంగా విన్నవాళ్లు తక్కువ.

ఇద్దరే ఉంటే అలా తప్పించుకోవడం కుదరదు. ఎదురుగా ఉన్నది ఒక్కరే, వినాల్సిందీ ఆ ఒక్కరి మాటే. పైగా పదకొండు మంది ముందు నోరు పెగలని మనిషి కూడా ఒకరితో మాట్లాడగలడు.

జంటలు వేయడం

కలిసి వచ్చిన స్నేహితులను ఒక జంటగా వేయకండి. పై అధికారినీ, ఆయన కింద పనిచేసేవాళ్లనూ మొదటి రౌండ్‌లో అసలే కలపకండి. ఆ జంటలో ఒకరు ఇంటర్వ్యూకి వచ్చినట్టు మాట్లాడతారు. మనిషి మిగిలిపోతే ఒకచోట ముగ్గుర్ని కూర్చోబెట్టి, వాళ్లకు రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. లెక్క సరిచేయడానికని మీరు జంటలో చేరొద్దు. మీ కన్ను గది మీద ఉండాలి.

ఒకరు రెండు నిమిషాలు మాట్లాడతారు, రెండోవాళ్లు వింటారు. తర్వాత మారతారు. వినేవాళ్లు మధ్యలో సలహా ఇవ్వకూడదు, "నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది" అని మాట అందుకోకూడదు. రెండు నిమిషాలంటే తక్కువే అనిపిస్తుంది గానీ, నిమిషం తిరక్కుండానే చాలామంది ఆగిపోతారు. ఆ ఖాళీని వినేవాళ్లు తొందరపడి నింపకపోతే మాట్లాడేవాళ్లు మళ్లీ అందుకుంటారు. రెండోసారి వచ్చే మాటల్లోనే మనిషి కనిపిస్తాడు. కాబట్టి ముందే చెప్పేయండి: "మధ్యలో మాట ఆగితే కంగారు పడకండి, ఆగనివ్వండి."

ఏ ప్రశ్న అడగాలి

నేను ప్రశ్నలను మెట్లుగా పెట్టుకుంటాను. మొదటి మెట్టు: "ఈ మధ్య మీరు కొత్తగా నేర్చుకున్న పని ఏది?" రెండోది: "ఈ రోజు ఇక్కడ ఏం జరిగితే, వచ్చినందుకు బాగుంది అనిపిస్తుంది?" మూడోది: "మీ పనిలో ఇప్పటికీ మీకు కష్టంగా ఉన్నది ఏది?" పొద్దున మొదటి రెండు చాలు. మూడోది మధ్యాహ్నానికి దాచుకోండి.

ఇలా మెట్టు మెట్టుగా వెళ్లడానికి ఆధారం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. పరిచయం లేని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, 36 ప్రశ్నలను మూడు భాగాలుగా చేసి, పోనుపోను వ్యక్తిగతంగా మారేలా ఇచ్చారు. 45 నిమిషాలయ్యాక వాళ్లు, పైపై కబుర్లు చెప్పుకున్న జంటల కంటే ఎక్కువ దగ్గరితనం కలిగిందని చెప్పారు. అలాగని ఆ ప్రశ్నలే తెచ్చి ఆఫీసు వర్క్‌షాప్‌లో పెట్టకండి. అక్కడ కూర్చున్నవాళ్లు రేపు పొద్దున మళ్లీ కలిసి పనిచేయాలి. మీరు తీసుకోవాల్సింది ఆ వరసను మాత్రమే.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి నేను మెట్లన్నీ దాటేసి, "చిన్నప్పుడు మీ ఇంట్లో మీకు బాగా దగ్గరైన మనిషి గురించి చెప్పండి" అని అడిగాను. మంచి ప్రశ్నే అనుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ పెన్ను మూత తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం మొదలుపెట్టింది. ఎదుటి అతను ఓపిగ్గానే చూస్తున్నాడు. చివరికి "అందరూ దగ్గరే అండీ" అని ఊరుకుంది. ఆ రోజంతా ఆవిడ మళ్లీ నోరు తెరవలేదు. ఆవిడ ఇంటి సంగతి ఏమిటో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ ప్రశ్న అడిగేంత చనువు నాకు ఆ గదిలో ఎవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఇల్లు, పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం, బాల్యం మొదటి రోజు ముట్టుకోను.

ఆ రోజు నేను చేయని పని మరొకటి ఉంది. వద్దనే అవకాశం ఇవ్వలేదు. "ఈ ప్రశ్న వద్దనుకుంటే ఇంకేదైనా మాట్లాడండి, లేదా ఊరికే వినండి. కారణం చెప్పక్కర్లేదు" అని ఇప్పుడు ప్రతిసారీ చెబుతాను. ఎవరైనా వదులుకుంటే "అయ్యో, పర్లేదు చెప్పండి" అని బతిమాలకండి. ఆ ఒక్క మాటతో మీరిచ్చిన అవకాశం ఉత్తుత్తిదని అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్నకు మొదటి జవాబు మీదే. అది ఏ సైజులో ఉంటే జంటల మాటలూ ఆ సైజులోనే ఉంటాయి. గొప్పలు చెబితే గొప్పలే వస్తాయి. మానని గాయం విప్పితే అందరూ బిగుసుకుపోతారు. "లెక్కల పట్టిక కంప్యూటర్‌లో వేయడం ఈ నెలే నేర్చుకున్నాను, రెండుసార్లు మొత్తం చెరిగిపోయింది" లాంటిది చాలు.

అడిగి చెప్పడం

ఈ పాఠంలో మీరు ఒక్కటే గుర్తుంచుకోగలిగితే, అది ఈ భాగం కావాలి.

జంటల సమయం అయ్యాక, ఎవరి పరిచయం వాళ్లు చేసుకోరు. ఎదుటివాళ్లను పరిచయం చేస్తారు. దానికి ముందు ఒక నిమిషం ఆపి, ప్రతి ఒక్కరూ తన జంటను ఈ మాట అడగాలి: "మీరు చెప్పినవాటిలో నేను అందరికీ ఏది చెప్పొచ్చు? ఏది వద్దు?"

ఆ నిమిషం గదిని గమనించండి. గొంతులు తగ్గుతాయి, తలలు దగ్గరవుతాయి. "అది చెప్పొద్దులెండి, ఇది చెప్పండి" అని వినిపిస్తుంది. తర్వాత ఆ మనిషి లేచి, వద్దన్నది వదిలేసి, సరేనన్నది మాత్రమే చెబుతాడు. కూర్చున్న మనిషి ముఖం చూడండి. తన మాట నిలబడిందని పది నిమిషాల్లోనే కళ్లారా చూసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి దగ్గర ఎవరం మనసు విప్పం. ఇక్కడ ఎదుటి మనిషి నోట్లో నానుతుందో లేదో తేల్చుకునే అవకాశం అందరికీ ఒకేసారి దొరుకుతోంది, అదీ పెద్దగా నష్టం లేని విషయంలో.

ఒక్కో పరిచయం అరనిమిషం మించనివ్వకండి. ఈ పరిచయాల్లోనూ వరస టెన్షన్ కొంత ఉంటుంది. అందుకే ముందే విన్న మాటలను కాగితం మీద రెండు ముక్కల్లో రాసుకోమనండి.

ఎవరైనా పొరపాటున వద్దన్నది చెప్పేస్తే అక్కడే మెల్లగా ఆపండి. "అది వాళ్లిద్దరి మధ్యే ఉండనిద్దాం" అని తర్వాతి వాళ్ల దగ్గరికి వెళ్లండి. తర్వాత టీ విరామంలో మాట బయటపడ్డ మనిషి దగ్గరికి వెళ్లి విడిగా పలకరించండి.

కళ్లు మూసుకుని వెనక్కి పడిపోతే మిగతావాళ్లు పట్టుకునే ఆట గురించి కొందరు అడిగారు. నేను చేయించను. దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. పట్టుకున్నవాళ్లు మాట దాస్తారన్న హామీ కూడా అందులో లేదు. రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పే ఆట సరదాగానే ఉంటుంది. రెండో రోజు పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో అయితే ఇద్దరిద్దరిని విడి గదుల్లోకి పంపి, మనిషికి మూడు నిమిషాలు ఇవ్వండి. ప్రశ్నను ముందే చాట్‌లో పెట్టండి, లోపలికి వెళ్లాక మర్చిపోతారు.

ఈ వారం అభ్యాసం

మీకు తెలిసిన ఒకరితో జంట పలకరింపు ఒక్కసారి చేయండి. రెండు నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టి వినండి, మధ్యలో మాట్లాడకండి. మీకు ఎన్నో సెకనులో మాట అందుకోవాలనిపించిందో రాసుకోండి. తర్వాత "ఇందులో ఏది బయట చెప్పొచ్చు, ఏది వద్దు?" అని అడగండి. వాళ్లు వద్దన్నది ఏమిటో మాత్రం నోట్‌బుక్‌లో రాయకండి. నాలుగో పాఠంలో రెండు జంటలను కలిపి నలుగురి గ్రూప్ చేస్తాం, మీరు రాసుకున్న ఆ సెకన్ల లెక్క అప్పుడు కావాలి.