తేనె పెట్టెలో నల్లి పడితే మందు లేకుండా ఏం చేయాలి

పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతున్నాయి

చాలావరకు నల్లి పనే, అంటే తేనెటీగల మీదా వాటి పిల్లల మీదా బతికే చిన్న పురుగు. మన ఇటాలియన్ ఈగలకు రెండు రకాల నల్లి పడుతుంది. ఏది పడిందో ముందు తేల్చుకోండి. వరోవా ఎండ్రకాయలా పొడవు కన్నా వెడల్పెక్కువగా ఉండి, ఈగ ఒంటిని పట్టుకుని ఉంటుంది. ట్రోపిలేలాప్స్ సన్నగా ఉండి తేనెపట్టు మీద చకచకా పరుగెత్తుతుంది. ఇది కొండ తేనెటీగల నుంచి వచ్చింది.

వరోవాకు చక్కెర పరీక్ష చాలు. పిల్లలున్న ఫ్రేమ్ (పట్టు కట్టే చట్రం) నుంచి అర కప్పు ఈగలను, అంటే సుమారు 300, సీసాలో వేసి జాలీ మూత పెట్టండి. రాణి అందులో పడలేదని రెండుసార్లు చూసుకోండి. రెండు చెంచాల చక్కెర పొడి వేసి దొర్లించి, రెండు నిమిషాలాగి తెల్ల పళ్లెంలోకి దులపండి. తొమ్మిది నల్లులు దాటితే ఆలస్యం చేయొద్దు. ఈగలను మళ్లీ పెట్టెలో వదిలేయొచ్చు. ట్రోపిలేలాప్స్ మాత్రం ఈ పరీక్షకు దాదాపు చిక్కదు. మూతపడిన పిల్లగదులు కొన్ని సూదితో విప్పి చూడాల్సిందే.

లెక్క ఎక్కువొచ్చింది, పిల్లలు అక్కడక్కడా ఖాళీలతో ఉన్నాయి

రెండు నల్లులూ పెరిగేది పిల్లగదుల్లోనే. కాబట్టి రాణి గుడ్లు పెట్టకుండా ఆపడమే నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి మందు. రాణిని చిన్న పంజరంలో పెట్టి అదే పెట్టెలో 24 రోజులు ఉంచండి. కూలి ఈగలు జాలీలోంచి మేత అందిస్తాయి. కొత్త రాణి గదులు కడితే తీసేయండి. కూలి ఈగ 21 రోజులకు, పోతుటీగ 24 రోజులకు బయటికొస్తాయి, ఆ తర్వాత నల్లికి పిల్లలుండవు. ట్రోపిలేలాప్స్ పెద్ద ఈగలను కొరకలేదు, పిల్లలు లేకపోతే రెండు మూడు రోజుల్లో చస్తుంది. వరోవా అంత సులువుగా పోదు, ఈగల మీదే బతుకుతుంది. అందుకే రాణిని వదిలిన వారంలో ఫ్రేముల మధ్య చక్కెర పొడి చల్లి రాల్చాలి. అడుగుపలక బదులు జాలీ ఉంటే రాలినవి మళ్లీ పైకెక్కలేవు.

ఎప్పుడు చేయాలన్నదే అసలు టెన్షన్. ఈరోజు గుడ్డు పెడితే ఆ ఈగ పూలకు వెళ్లేసరికి ఆరు వారాలు పడుతుంది. పొద్దుతిరుగుడు పూతకు ముందు రాణిని బంధిస్తే తేనె పోయినట్టే. కర్నూలు, కడప వైపు రబీ పొద్దుతిరుగుడు అయిపోయి, పూలు తగ్గే ఎండాకాలం మొదట్లో చేయండి. పెట్టెలో మేత తేనె వదలండి, నీడా నీళ్లూ చూడండి.

పూత నడుస్తోంది, రాణిని ఆపలేను

వరోవాకు పోతుటీగల గదులంటే ఎక్కువ ఇష్టం. ఖాళీ ఫ్రేమ్ ఒకటి పిల్లల పక్కన పెడితే ఈగలు అందులో పోతు గదులు కడతాయి. మూతలు పడ్డాక, పిల్లలు బయటికి రాకముందే కోసి తీసేయండి. మరిచిపోతే నల్లిని మనమే పెంచినట్టు.

వేపనూనె, పొగాకు పొగ, ఫార్మిక్ యాసిడ్ వాడొచ్చా?

వేపలోని చేదు పదార్థం పిల్ల పురుగుల ఎదుగుదలనూ చెడగొడుతుంది. పొగాకు పొగ తేనెలో చేరుతుంది. ఫార్మిక్ యాసిడ్ సహజమని చెప్పి అమ్ముతారు కానీ అనంతపురం ఎండల్లో అది ఎక్కువగా ఆవిరై రాణిని చంపగలదు. ఎండాకాలంలో దాని జోలికి పోకండి.

మన దేశీ రకమైన పుట్ట తేనెటీగల పెట్టెలకు ఇంత హడావుడి అవసరం లేదు. అవి నల్లిని తామే దులుపుకుంటాయి, పైగా పదేపదే కదిపితే పెట్టె వదిలి లేచిపోతాయి.