టర్బో కారుకి ఇంజిన్ ఆయిల్ ఎంచుకోవడం ఎలా?

చెన్నై జీపీ రోడ్డులోనైనా, బెంగళూరు జేసీ రోడ్డులోనైనా కౌంటర్ ముందు నిలబడి "టర్బో పెట్రోలు బండి, మంచి ఆయిల్ ఇవ్వండి" అని అడగడమే మొదటి తప్పు. మంచి ఆయిల్ అని విడిగా ఏదీ ఉండదు. మీ ఇంజిన్‌కి సరిపడేది, సరిపడనిది అని రెండే రకాలు. ఖరీదైన డబ్బా కూడా రెండో రకంలోకి రావచ్చు.

కావాల్సినవి: ఓనర్ మాన్యువల్, ఫోన్. మాన్యువల్ పోతే కంపెనీ సైటులో పీడీఎఫ్ దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో మాన్యువల్ కాదు.

1. మాన్యువల్‌లో మూడు రాసుకోండి

గ్రేడ్ (5డబ్ల్యూ-30 లాంటిది), అప్రూవల్ కోడ్, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు. కోడ్ అంటే కార్ల కంపెనీ తను ఒప్పుకునే ఆయిల్‌కి పెట్టిన నంబరు: ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు 502 00, 504 00, 508 00 లాంటివి, బీఎండబ్ల్యూకి ఎల్ఎల్-01, ఎల్ఎల్-04, మెర్సిడెస్‌కి 229.5, 229.51. కొన్ని కంపెనీలు సొంత కోడ్ ఇవ్వకుండా ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ), ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణాలతో సరిపెడతాయి.

2. అంకెల భయం వదిలించుకోండి

"మన ఎండలకి 5డబ్ల్యూ నీళ్లలా ఉంటుంది, 20డబ్ల్యూ-50 పోయించండి" అనే సలహా ప్రతి గ్యారేజీలోనూ వినిపిస్తుంది. డబ్ల్యూ ముందున్న అంకెకి మన ఎండలతో పనే లేదు. అది గడ్డకట్టే చలిలో ఇంజిన్ ఎంత సులువుగా తిరుగుతుందో చెప్పే అంకె: 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. వేడిలో చిక్కదనం చెప్పేది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 ఉండాలి. అంటే వేడెక్కిన ఇంజిన్‌లో 0డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండూ ఒకే కోవలోకి వస్తాయి. నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి బండికే కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-40.

పైగా బయట 28 ఉన్నా 42 ఉన్నా, థర్మోస్టాట్, రేడియేటర్ బాగున్నంత కాలం మామూలు నడకలో ఆయిల్ 90-110 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. అవసరానికి మించి చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే టర్బో బేరింగ్‌కి, చైన్ టెన్షనర్‌కి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.

3. డబ్బా వెనక్కి తిప్పండి

అందరూ దెబ్బతినేది ఇక్కడే. ముందువైపు 5డబ్ల్యూ-30 అని ఉన్న రెండు డబ్బాలు ఒకే ఆయిల్ అనుకోకండి. తేడా హెచ్‌టీహెచ్‌ఎస్ అనే అంకెలో ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలిగిపోతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత గట్టిగా నిలబడుతుందో అది చెబుతుంది. మైలేజీ కోసం చేసిన 5డబ్ల్యూ-30కి ఇది 2.9 ఉంటే చాలు. ఏసీఈఏ సీ3, 504 00, ఎల్ఎల్-04 ఉన్న 5డబ్ల్యూ-30కి కనీసం 3.5 ఉండి తీరాలి. టర్బో ఇంజిన్ 3.5 అడుగుతుంటే 2.9 పోయడం నెమ్మదిగా బేరింగులు అరగదీయడమే. శబ్దం వచ్చి మీకు తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది.

వెనక రాసిన మాటల్లోనూ మెలిక ఉంటుంది. "అప్రూవల్" అంటే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది. "మీట్స్", "సూటబుల్ ఫర్", "రికమెండెడ్ ఫర్" అనేవి ఆయిల్ కంపెనీ సొంత మాటలు. వారంటీ ఉన్న బండికి అప్రూవల్ తప్ప ఇంకేదీ వద్దు.

డబ్బా మీద హెచ్‌టీహెచ్‌ఎస్ రాయరు. ఫోన్‌లో ఆ ఆయిల్ డేటా షీట్ తెరిచి చూడండి. షీటే దొరకని ఆయిల్ కొనకండి. అందులోనే నోయాక్, అంటే వేడికి ఆవిరైపోయే ఆయిల్ శాతం, 13 లోపు ఉండాలి. ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న బండికి, ఆయిల్ కాలితే మిగిలే బూడిద శాతం 0.8 దాటకూడదు, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలు తక్కువ ఆర్‌పీఎంలో బలంగా తొక్కితే లోపలి పెట్రోలు సమయానికి ముందే అంటుకుని పిస్టన్ పగలగొట్టుకునే రకం. ఏసీఈఏ కోడ్ అడగని అలాంటి బండికి 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ చూడండి.

508 00 అంటే పలుచటి 0డబ్ల్యూ-20. కొత్త కోడ్ కదా, ఇంకా మెరుగనుకుని 502 00 అడిగే పాత ఇంజిన్‌లో పోయకండి. రీమ్యాప్ చేయించిన (పవర్ కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించిన) బండికి, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లే బండికి 40 గ్రేడే, అదీ మాన్యువల్ ఒప్పుకున్న కోడ్‌తో. 10డబ్ల్యూ-60 కొన్ని బీఎండబ్ల్యూ ఎమ్ ఇంజిన్ల కోసం పుట్టింది, మీ పోలోకి కాదు. అచ్చంగా రేసు కోసమే చేసిన ఆయిల్‌లో మసి కడిగే మందులు తక్కువ, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి పనికిరాదు. పైన పోసే ఎడిటివ్ సీసాల గురించి మాట్లాడటం కూడా దండగ.

4. కొనడం, పోయడం

షాపులో తమిళమో కన్నడమో రాకపోయినా ఫర్వాలేదు, కోడ్ ఫోన్‌లో చూపిస్తే చాలు. సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి, క్యూఆర్ ఉంటే స్కాన్ చేయండి. ఖాళీ డబ్బాకి కన్నం పెట్టకుండా గ్యారేజీలో వదలకండి, అందులో రేపు నకిలీ నిండుతుంది.

ఫిల్టర్, డ్రెయిన్ వాషర్ కొత్తవి. చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. పై గీత దాటకూడదు.

5. ఎప్పుడు మార్చాలి

కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కేయండి. సగటున 50 వేగంతో 10,000 కిలోమీటర్లంటే 200 గంటలు. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో 15 వేగంతో అయితే అదే దూరం దాదాపు 667 గంటలు. కాబట్టి సిటీ బండికి 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందొస్తే అది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు దిగి కలుస్తుంది, 40 గ్రేడ్ కాస్తా 30 అయిపోతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, వాసన చూస్తే పెట్రోలు కొడితే, మార్చి 2,000 కిలోమీటర్లే అయినా సరే, ఆ వారమే దించేయండి.