డ్రైవర్ కోడ్‌లో పేరు చూడగానే కొలత తెలియాలి

శ్రీకాకుళంలో నాగావళి నీటిమట్టం కొలిచే సెన్సర్‌కి లినక్స్ డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, రాస్తున్నారనుకోండి. వేరియబుల్‌కి 'లెవెల్' అని పేరు పెడితే అది మిల్లీమీటర్లా, సెంటీమీటర్లా? పైనున్న సెన్సర్ నుంచి నీటికి ఉన్న దూరమా, అడుగు నుంచి లోతా? వరద పెరిగితే దూరం తగ్గుతుంది, లోతు పెరుగుతుంది. ఈ రెండూ తారుమారైతే మోగాల్సిన అలారం మోగదు. 'డిస్టెన్స్_ఎంఎం', 'డెప్త్_ఎంఎం' అని విడివిడిగా పెట్టండి.

టైమౌట్‌తో, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే గడువుతో, ఇంకా జాగ్రత్త. 'టైమౌట్ = 100' అని రాసి జిఫ్ఫీలుగా (లినక్స్ కెర్నల్ టైమర్ టిక్కులుగా) వాడారా, కెర్నల్‌లో హెచ్‌జెడ్ (సెకనుకి ఎన్ని టిక్కులో చెప్పే సెట్టింగ్) 100 ఉన్నచోట అది 1 సెకను, 250 ఉంటే 0.4, 1000 ఉంటే 0.1 సెకనే. మీ బోర్డు మీద చక్కగా నడిచిన డ్రైవర్ పక్కవాళ్ల బోర్డు మీద మొరాయిస్తుంది. మిల్లీసెకన్లలో 'టైమౌట్_ఎంఎస్' అని పెట్టి, వాడేచోట 'ఎంసెక్స్_టు_జిఫ్ఫీస్'తో మార్చుకోండి.

ఫంక్షన్ పేరు పని చెబితే, 'సెన్సర్_స్టార్ట్' లాగా, పని జరిగితే 0, జరక్కపోతే నెగటివ్ ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. అవునా కాదా అని అడిగే 'సెన్సర్_ఈజ్_రెడీ' అయితే బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) ఇవ్వాలి. 'సెన్సర్_చెక్' మాత్రం వద్దే వద్దు. 0 వస్తే బాగున్నట్టా, బాగోలేనట్టా?

రీసెట్ పిన్ 'యాక్టివ్-లో' (active low) రకం అయితే, అంటే వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడే రీసెట్ చేసేదైతే, ఆ మాట డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు కెర్నల్‌కి చెప్పే ఫైల్‌లో) రాయండి. పిన్‌లను నడిపే కెర్నల్ జీపీఐఓడీ (gpiod) ఫంక్షన్లు వాడితే కోడ్‌లో 'రీసెట్' చాలు. 1 అంటే రీసెట్‌లో ఉంచినట్టే.