కాలమ్ పేరును బట్టి ఆబ్జెక్ట్ ప్రాపర్టీ నింపడం ఎలా? సీ షార్ప్‌లో రిఫ్లెక్షన్

గుంటూరు మిర్చి యార్డులో ఒక్కో కమిషన్ కొట్టు గుమస్తా ఎక్సెల్ షీటు ఒక్కోలా రాస్తారు. ఒకరిది టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కతో మొదలైతే, ఇంకొకరిది తేదీతో. షీటుకో కోడ్ రాసుకుంటూ పోతే అంతుండదు. కాలమ్ పేరునే ప్రాపర్టీ పేరుగా తీసుకుని, ప్రోగ్రామ్ నడిచేటప్పుడే విలువ పెట్టించండి. ఇలా నడిచేటప్పుడే క్లాస్ లోపలి ప్రాపర్టీలను పేరుతో వెతికి మార్చడమే రిఫ్లెక్షన్.

1. మిర్చిలాట్ అనే క్లాస్ రాయండి. రకం స్ట్రింగ్, టిక్కీలు ఇంట్, ధర డెసిమల్, తేదీ డేట్‌టైమ్. పేర్లు తెలుగు లిపిలో ఉన్నా కంపైలర్ ఒప్పుకుంటుంది. గెట్, సెట్ తప్పనిసరి. అవి లేకపోతే అది ఫీల్డ్, గెట్‌ప్రాపర్టీకి దొరకదు. క్లాస్ బదులు స్ట్రక్ట్ మాత్రం వద్దు. బాక్సింగ్‌లో (స్ట్రక్ట్‌ను ఆబ్జెక్ట్‌గా చుట్టేటప్పుడు) కాపీ తయారై విలువ అందులోకి పోతుంది. ఎర్రర్ కూడా రాదు, అసలుది ఖాళీగానే మిగులుతుంది.

2. ఆబ్జెక్ట్ మీద గెట్‌టైప్, దాని మీద గెట్‌ప్రాపర్టీ పిలవండి. కాలమ్ పేరును ముందే ట్రిమ్ చేయాలి. ‘ధర’ తర్వాత ఒక్క ఖాళీ ఉన్నా నల్ వస్తుంది, అంటే ఆ పేరుతో ప్రాపర్టీ దొరకలేదని. ఇంగ్లిషు పేర్లకు ఇగ్నోర్‌కేస్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడొద్దని చెప్పే ఫ్లాగు) వాడితే దాంతోపాటు పబ్లిక్, ఇన్‌స్టన్స్ ఫ్లాగులూ ఇవ్వాలి. మనం ఏ ఫ్లాగు ఇచ్చినా డిఫాల్టువి పోతాయి కాబట్టి, అదొక్కటే ఇస్తే ఏదీ దొరకదు. నల్ వస్తే కాలమ్ పేరు లాగ్‌లో రాసి ముందుకు వెళ్లండి.

3. అసలు పని ఇక్కడుంది. షీటు నుంచి వచ్చేది స్ట్రింగ్. దాన్ని నేరుగా, ప్రాపర్టీలో విలువ పెట్టే సెట్‌వాల్యూకి ఇస్తే టిక్కీల దగ్గర ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది. ప్రాపర్టీటైప్ చూసి, కన్వర్ట్ క్లాస్‌లోని ఛేంజ్‌టైప్‌తో మార్చాలి. ధర ‘18,500’ అని ఉంటే డెసిమల్‌గా చక్కగా మారుతుంది. టిక్కీలు ‘1,250’ అని ఉంటే మాత్రం ఫార్మాట్ ఎక్సెప్షన్, ఎందుకంటే ఇంట్ మార్పిడి కామాను ఒప్పుకోదు. అంకెల కాలమ్‌లలో కామాలు ముందే తీసేయండి.

తేదీ ఇంకా ప్రమాదం. 05/02/2025 ఇండియా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో ఫిబ్రవరి 5. అమెరికా సెట్టింగ్ ఉన్న సర్వర్లో అదే మే 2, ఎర్రర్ లేకుండా. డేట్‌టైమ్‌కు పార్స్‌ఎగ్జాక్ట్ వాడి, ముందు రోజు, తర్వాత నెల అని ఫార్మాట్ ఇవ్వండి. నెలకు పెద్దక్షరాల ఎమ్‌లు రాయాలి, చిన్నవి నిమిషాలకు.

ప్రాపర్టీ నల్లబుల్ ఇంట్ (ఖాళీగా కూడా ఉండగల ఇంట్) అయితే స్ట్రింగ్‌ను ఛేంజ్‌టైప్ దానిలోకి మార్చలేదు. గెట్‌అండర్‌లయింగ్‌టైప్‌తో లోపలి టైప్ తీసుకోండి. గడి ఖాళీగా ఉంటే నల్ పెట్టండి.

4. ప్రాపర్టీలో రాయవచ్చో లేదో క్యాన్‌రైట్‌తో చూసి సెట్‌వాల్యూ పిలవండి. సెట్ లోపల మీరు రాసిన తనిఖీ విఫలమైతే టార్గెట్‌ఇన్వొకేషన్ ఎక్సెప్షన్ కనిపిస్తుంది. అసలు కారణం దాని ఇన్నర్‌ఎక్సెప్షన్‌లో ఉంటుంది.

5. గెట్‌ప్రాపర్టీని వరుస వరుసకూ పిలవొద్దు. హెడర్ చదివినప్పుడే ఒకసారి వెతికి డిక్షనరీలో దాచుకోండి. షీటు బయటివాళ్లు పంపేదైతే, నింపనివ్వాల్సిన ప్రాపర్టీల జాబితా విడిగా పెట్టుకుని, అందులో లేని కాలమ్‌ను వదిలేయండి. లేకపోతే ‘చెల్లింపు పూర్తయింది’ లాంటి ప్రాపర్టీని కూడా ఎవరో ఒక కాలమ్ చేర్చి మార్చేయగలరు.